ఆ రోజు పొయ్యి వెలగలేదు

మనిషిని నిలబెట్టి ప్రశ్నలడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అందుకే ఆ గదిలో అడుగు పెట్టగానే ఖాళీ కుర్చీ ఒకటి బరబరా లాగి సుధామయి వెనకాల వేశాను.

“కూర్చో.”

“పర్లేదండీ.”

“నీకు పర్లేదేమో, నాకుంది. మెడ పైకెత్తి మాట్లాడాలంటే నాకు నొప్పి. కూర్చోవమ్మా!”

కూర్చుంది. ముప్పై దాటి ఉండవు. ముఖం చూస్తే రాత్రంతా ఏడ్చినట్టుంది. ఒళ్లో చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

బల్లకి అవతల కంప్యూటరు ముందు రామనాథ్ ఉన్నాడు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి. మెడలో ఫొటో బిళ్ల, చేతిలో ఖరీదైన ఫోను. పొద్దుటి నుంచి ఆ అమ్మాయిని నిలబెట్టి, “ఒప్పేసుకోండి మేడమ్, అందరికీ మంచిది” అని నచ్చజెబుతున్నాడట. మూలగా, కన్యకాపరమేశ్వరి అమ్మవారి పటం కింద, మిల్లు యజమాని రామలింగేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు. అరవై అయిదేళ్ల పెద్దమనిషి. ఆర్నెల్ల క్రితం గుండెకి స్టెంటు వేశారు. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు.

నా పేరు శర్వాణి. బెజవాడలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. బోర్డు చూసి లోపలికొచ్చి, “సార్ లేరా అమ్మా?” అని అడిగేవాళ్లు ఈ రెండువేల ఎనిమిదిలో కూడా ఉన్నారు. నేను చదువుకున్నది మాత్రం ఇక్కడే, ఈ తిరువూరులోనే. నాకు లెక్కలు చెప్పిన శారదాంబ టీచరు, సుధామయి వాళ్లమ్మ, నిన్న సాయంత్రం ఫోన్ చేసి, “శర్వాణీ, మా సుధ అబద్ధం ఆడితే నాకిట్టే తెలిసిపోతుందే. అది ఆడట్లేదు. నువ్వు రా” అన్నారు. ఆవిడ రమ్మన్నాక రాకుండా ఉంటానా? ఆ గొంతు వింటే నాకు ఇప్పటికీ బెంచీ మీద లేచి నిలబడాలనిపిస్తుంది.

సంగతి ఇదీ. ఈ మిల్లులో పసిపిల్లల ఉగ్గుపిండి చేస్తారు. ‘కన్యక’ ఉగ్గుపిండి అంటే చుట్టుపక్కల తెలియని తల్లి లేదు. బియ్యం, పెసరపప్పు, వాము డ్రమ్ములో దోరగా వేయించి, విసిరి, ప్యాకెట్లు కడతారు. మూడు రోజుల క్రితం పెనుగొలనులో ఆ పిండి తిన్న ఆరుగురు పిల్లలకి వాంతులు. అయిదుగురు కోలుకున్నారు. ఒక పాప మాత్రం ఇంకా బెజవాడ ఆసుపత్రిలో కళ్లు తెరవలేదు. పిండికి బూజు పట్టిందని తేలింది. ఆ పిండిని ‘బాగుంది, పంపండి’ అని వదిలిన మనిషిగా సుధామయి పేరు కంప్యూటర్లో ఉంది. ఆమె ఇక్కడ నాణ్యత చూసే ఆఫీసరు. మధ్యాహ్నం పన్నెండింటికి సి.ఐ. సీతారామారావు గారు జీపేసుకుని వస్తారు. ఆ పాపకి ఏమైనా అయితే సుధామయి జీవితం జైల్లో తెల్లారుతుంది.

“మొదట్నుంచీ చెప్పు,” అన్నాను. “ఈ సాఫ్ట్‌వేర్ ఏంటి? నాకు అర్థమయ్యేలా.”

రామనాథ్ అందుకున్నాడు. “దాని పేరు నిష్కళంక్, మేడమ్. రిస్క్, కంప్లయన్స్ మేనేజ్‌మెంట్. అంటే కంపెనీకి చెడ్డపేరు తెచ్చే పొరపాటు ఎక్కడ జరగబోతోందో ముందే పసిగట్టి…”

“నిన్నడగలేదు బాబూ. ఆ అమ్మాయినడిగాను.”

సుధామయి గొంతు సవరించుకుంది. “పోయినేడాది హైదరాబాదులో పెద్ద షాపులవాళ్లు ఇది ఉంటేనే మన సరుకు పెట్టుకుంటామన్నారండీ. అందుకని సార్ పెట్టించారు. గంటగంటకీ డ్రమ్ము వేడి ఎంతుందో నేను ఇందులో కొట్టాలి. వేడి తగ్గితే పిండిలో తేమ ఉండిపోతుంది, బూజొస్తుంది. తగ్గిందంటే తెర మీద ఆ లాటు, అంటే ఆ వాయి సరుకు, ఎర్రగా అయిపోద్ది. ఎర్రగా ఉంటే గోడౌనువాళ్లు సరుకు కదపరు. మళ్లీ వేయించి, పరీక్ష చేసి, నా పాస్‌వర్డుతో నేను మూస్తేనే పచ్చబడుద్ది.”

“పెనుగొలను వెళ్లిన లాటు?”

“నలభై ఒకటి. ఎర్ర పెట్టింది నేనేనండీ! వేడి చాలలేదు. ఆపండి అని కొట్టాను. ఆ మర్నాటి నుంచి రెండ్రోజులు సెలవు. అమ్మకి కంటి ఆపరేషన్.”

“పన్నెండో తేదీ సాయంత్రం నాలుగింటికి ఆమె పేరుతోనే ఎర్ర మూసేశారు,” అన్నాడు రామనాథ్. నెలంతా ఒక్క గడి ఖాళీ లేదు, రికార్డుకి నూటికి నూరు మార్కులంటూ తెర నావైపు తిప్పాడు. నిజమే. సుధామయి పేరు, తేదీ, టైము, పక్కన పచ్చ గుర్తు.

“పన్నెండు సాయంత్రం నువ్వెక్కడున్నావ్?”

“బెజవాడ కంటాసుపత్రిలో. అమ్మ పక్కనే. నర్సులందరూ చూశారు.”

హమ్మయ్య అనుకున్నాను. నా ముఖం వెలగడం రామనాథ్ చూసినట్టున్నాడు. చిన్నగా నవ్వాడు.

“ఇది ఇంటర్నెట్ మీద నడిచేది మేడమ్. పాస్‌వర్డు ఉంటే బెజవాడ నుంచైనా మూయొచ్చు, బెంగుళూరు నుంచైనా మూయొచ్చు. ఆసుపత్రి ఎదురుగా నెట్ సెంటరు ఉంది. నేను కనుక్కున్నాను.”

చెప్పొద్దూ, నీరుగారిపోయాను. కుర్రాడు పని తెలిసినవాడే.

“నీ పాస్‌వర్డు ఇంకెవరికైనా చెప్పావా సుధా?”

“లేదండీ. అమ్మ మీద ఒట్టు.”

“తిరిగొచ్చాక లాటు పచ్చగా కనబడితే ఎందుకడగలేదు?”

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “సార్ వాళ్లబ్బాయి రాంప్రసాద్ గారు దగ్గరుండి మళ్లీ వేయించారేమో అనుకున్నాను. అడగాల్సింది. ఒక్క మాట అడిగుంటే ఆ పాప ఇవాళ… అదొక్కటే నన్ను తినేస్తోందండీ. జైలుకంటే అదే.”

మూలనుంచి రామలింగేశ్వరరావు గారు చెయ్యెత్తారు, ఇక చాలన్నట్టు. “పిల్లనలా ఏడిపించకండమ్మా. తొమ్మిదేళ్లుగా మా ఇంటి మనిషి. దానికెంత బాధుందో నాకూ అంతే ఉంది.”

“అయితే మరి జైలుకెందుకు పంపుతున్నారండీ?” అనేశాను. నా నోటికి తాళం లేదు, ఏం చెయ్యను!

 జవాబు రామనాథ్ చెప్పాడు. గొంతు తగ్గించి, మెత్తగానే. “ఎనభై మంది బతుకుతున్నారు మేడమ్ ఈ మిల్లు మీద. తప్పు వ్యవస్థది అంటే రేపట్నుంచి ఒక్క ప్యాకెట్టు అమ్ముడవదు. తప్పు ఒక మనిషిది అంటే, ఆ మనిషిని తీసేశాం, ఇక భయం లేదు అని చెప్పుకోవచ్చు. కంపెనీ పేరు నిలబడుతుంది. క్రూరంగానే ఉంటుంది. కానీ ప్రమాద నిర్వహణ అంటే ఇదే.”

“ఓహో. ఊళ్లో దీన్ని ఇంకో మాటంటారు. పెద్దవాళ్లున్నారని ఊరుకుంటున్నాను.” లేచాను. “సుధా, ఆ డ్రమ్ము చూపించు నాకు.”

*

వేయించే షెడ్డు ఆఫీసు వెనకే. మూడు రోజుల నుంచి పని ఆపేశారు. లారీ టైరంత ఎత్తున్న ఇనుప డ్రమ్ము, దాని కింద ఇటుకల పొయ్యి, పక్కన గుట్టగా ఊక. వేయించిన పెసరపప్పు వాసన ఇంకా గోడల్ని పట్టుకునే ఉంది. ఆ వాసన పీల్చగానే నాకు ఆకలేసింది. సిగ్గు లేకపోతే సరి.

వేడి చూపించే గడియారం ముల్లు తట్టి చూశాను. బాగానే కదిలింది. ఊక గుట్టలో చెయ్యి పెట్టాను. పైన పొడిగా ఉన్నా లోపల చల్లగా తేమ తగిలింది.

“వాన పడిందా?”

“పోయిన వారం అకాల వాన కురిసిందండీ. అప్పట్నుంచీ ఊక సరిగ్గా రాజుకోవట్లేదు. కానీ నలభై ఒకటో లాటు అంతకు ముందుది. అప్పుడు ఊక పొడిగానే ఉంది.”

“మరి అప్పుడు వేడెందుకు తగ్గింది?”

“పొయ్యి చల్లారిపోయి ఉందండీ. మామూలుగా రాత్రి కూడా నిప్పు కప్పెట్టి ఉంచుతారు, పొద్దున్నే డ్రమ్ము త్వరగా వేడెక్కుద్ది. ఆ పొద్దున మొదటి లాటుకి డ్రమ్ము ఇంకా కాలనే లేదు.”

నేను పొయ్యి తలుపు ముందు గొంతుకూర్చున్నాను. ఇనుప గొళ్లేనికి పసుపు దారం, దానికి ఎండి వడలిన బంతిపూలు రెండు వేలాడుతున్నాయి. దారం మధ్యకి తెగి ఉంది. తలుపు మీద కుంకుమ బొట్టు, సగం పొగచూరింది.

“ఇదేంటి? దసరా ఎప్పుడో అయిపోయిందిగా.”

“దసరాది కాదండీ. అమ్మవారి ఆత్మార్పణ రోజున కట్టింది. మాఘమాసం, విదియ నాడు.” సుధామయి ముక్కు తుడుచుకుని మామూలుగా చెప్పసాగింది. పని గురించి మాట్లాడితే ఆమె గొంతు స్థిమితపడుతోంది. “కన్యకాపరమేశ్వరి అమ్మవారు అగ్నిగుండంలో దూకిన రోజు కదండీ. సార్ వాళ్లింట్లో ఆ రోజు మిల్లులో నిప్పు వెయ్యరు. వాళ్ల తాతగారి నుంచీ అంతే. ముందురోజు రాత్రే నిప్పంతా లాగేసి, కడిగి, తలుపుకి దారం కట్టేస్తారు. మర్నాడు పొద్దున సార్ వచ్చి దారం తెంపాకే మళ్లీ వెలిగిస్తారు. ఆ రోజు మాక్కూడా సెలవే. భోజనాలు పెడతారు గుడి దగ్గర.”

“ఇక్కడ పనిచేసే వాళ్లందరికీ తెలుసా ఇది?”

“తెలీకపోవడమేంటండీ! జీతంతో సెలవు. ఏడాది పొడుగునా ఎదురుచూస్తారు.”

“ఈ ఏడు ఎప్పుడొచ్చింది?”

“తొమ్మిదో తేదీ, శనివారం. పదో తేదీ పొద్దున వేయించిందే నలభై ఒకటో లాటు.”

పొయ్యి ఎందుకు చల్లగా ఉందో తెలిసింది. అలా ఒక ముడి వీడింది. కానీ నా బుర్రలో ఇంకేదో గుచ్చుకుంటోంది. పొద్దున ఆ తెర మీద రామనాథ్ నాకు నెల మొత్తం చూపించాడు. ఎక్కడా ఒక్క ఖాళీ గడి కూడా లేదు. అతను గొప్పగా చెప్పుకున్నది కూడా అదే, నూటికి నూరు మార్కులని.

“అయ్యో రామా!” అని పైకే అనేసి ఆఫీసులోకి పరుగుతీశాను. నా వయసుకి, నా బరువుకి అది చూడదగ్గ పరుగు కాదు.

*

“తొమ్మిదో తేదీ తెరువు బాబూ.”

“నలభై ఒకటో లాటు పదో తేదీది మేడమ్.”

“నాకు తేదీలు నేర్పకు. తొమ్మిది తెరువు.”

విసుగ్గా రెండు మీటలు నొక్కాడు. తెర మీద వరస పడింది. పొద్దున ఎనిమిదికి వేడి నూటపద్దెనిమిది డిగ్రీలు. తొమ్మిదికి నూటపద్దెనిమిది. పదికి నూటపద్దెనిమిది. సాయంత్రం దాకా అంతే. అన్నిటి పక్కనా సుధామయి పేరు.

నేను మూలకి తిరిగాను. “రావుగారూ, తొమ్మిదో తేదీన మీ పొయ్యిలో నిప్పుందా?”

ఆయన ఉలిక్కిపడ్డారు. “తొమ్మిదంటే అమ్మవారి రోజు. శివశివా! నిప్పెలా ఉంటుందమ్మా? డెబ్భై ఏళ్లుగా వెయ్యలేదు.”

“మరి చల్లటి డ్రమ్ములో నూటపద్దెనిమిది డిగ్రీలు ఎవరు కొలిచారండీ? అమ్మవారా?”

 రామనాథ్ తెర వైపు చూశాడు, మళ్లీ చూశాడు. తెలివైనవాడు, తేరుకోడానికి ఎంతోసేపు పట్టలేదు.

“అయితే ఇంకా మంచిది. మేడమ్ దొంగ అంకెలు కొడుతున్నారని మీరే నిరూపించారు.”

ఒళ్లు భగ్గున మండింది నాకు. “ఓరి నాయనా! దొంగ అంకెలు కొట్టేవాడికి ఏ రోజు కొట్టకూడదో తెలియదా? ఆ రోజు పొయ్యి వెలగదని ఈ మిల్లులో స్వీపరు దగ్గర్నుంచి షావుకారు దాకా అందరికీ తెలుసు. ఆ రోజు ఈ అమ్మాయి గుడి దగ్గర పులిహోర తింటోంది. తిరువూరు మనిషెవడూ ఈ అబద్ధం ఆడడు. ఇది మన ఊరు ఎరగని చెయ్యి. పైగా చూడు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకటే అంకె. మనిషి అబద్ధమాడినా కాస్త అటూఇటూ మారుస్తాడు. ఇది మనిషి పనిలా లేదు.”

“మా సిస్టమ్ దానంతటది అంకెలు రాయదు.”

“నీకు తెలుసా, నమ్మకమా?”

అతను మీటల మీంచి చెయ్యి తీసేశాడు. ఆ క్షణంలో ఆ కుర్రాడి మీద నాకు మొదటిసారి జాలేసింది. పొద్దుటి నుంచి అతను ఆడుతున్నది నాటకం కాదు. నిజంగానే నమ్మాడు.

“మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యి,” అన్నాను మెత్తగా. “స్పీకర్లో పెట్టు. నేనున్నానని చెప్పొద్దు.”

చెయ్యనంటాడనుకున్నాను. చేశాడు. అవతల ఎవరో కుర్రాడు హుషారుగా ఎత్తాడు.

“చెప్పు రామనాథ్.”

“తిరువూరు అకౌంటులో ఫిబ్రవరి తొమ్మిదిన ఆపరేటరు కొట్టని రీడింగులు కనబడుతున్నాయి. ఎలా వచ్చాయి?”

“అదా! ఖాళీలు నింపే ప్రోగ్రాము కదా. గడి ఖాళీగా ఉంటే పాత వారం సగటు తీసి అదే నింపేస్తుంది. ఖాళీలుంటే మార్కులు పడిపోతున్నాయని కస్టమర్లు గోల పెడుతున్నారు. నువ్వు సేల్స్ వైపున్నావు, నీకు చెప్పి ఉండరు.”

రామనాథ్ ఫోను మీదికి వంగాడు. “ఎర్ర అలర్టులు? అవి కూడా దానంతటది మూస్తుందా?”

“అందరికీ కాదు. అడిగిన వాళ్లకే. రెండు రోజులు ఎవరూ పట్టించుకోకపోతే ఆ ఆఫీసరు పేరు మీదే మూసేస్తుంది. తిరువూరు వాళ్లయితే వాళ్లే అడిగారు. రాంప్రసాద్ అని, ఓనరు గారి అబ్బాయి. ‘నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది, పొద్దున్నే తెర మీద ఎర్ర చూస్తే కంగారు పడుతున్నారు, ఎర్ర కనబడకుండా చెయ్యండి’ అన్నాడు. చేశాం. ఏం, ఏమైనా ప్రాబ్లమా?”

రామనాథ్ జవాబివ్వకుండా ఫోను కట్టేశాడు. 

నేను రామలింగేశ్వరరావు గారి వైపు చూడలేకపోయాను. చూడక తప్పలేదు. ఆయన గుండె మీద చెయ్యేసుకున్నారు. స్టెంటు ఉన్న చోటో, కొడుకు ఉన్న చోటో తెలియదు.

“నా కోసమా?” అన్నారు. “నేను కంగారు పడతాననా? పిచ్చి సన్నాసి. పిచ్చి సన్నాసి…”

“కనబడకుండా చెయ్యమన్నారు సార్, అంతే,” అంది సుధామయి. తనని జైలు అంచుదాకా తోసినవాడి తరఫున తనే మాట్లాడుతోంది! “మూసెయ్యమని ఆయన అనలేదు. వీళ్లు మూసేశారు. ఆయనకి తెలిసుండదు.”

“తెలిసినా తెలియకపోయినా ఆ పాప ఆసుపత్రిలోనే ఉంది కదమ్మా.” ఆయన లేచి ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డారు. చేతులు జోడించబోతే ఆమె గబుక్కున పట్టుకుని ఆపేసింది. “తొమ్మిదేళ్లు మా ఇంటి అన్నం తిన్న పిల్లవి. నీ మాట నమ్మకుండా ఆ డబ్బా మాట నమ్మాను. సి.ఐ. గారొస్తే నేనే చెప్తాను. నువ్వు ఇంటికెళ్లమ్మా.”

సుధామయి భోరుమంది. నా కళ్లు కూడా ఊరుకోలేదు, దాచడమెందుకు. శారదాంబ టీచరుకి ఫోన్ చేద్దామని సెల్లు తీశాను. కేసు అయిపోయిందనుకున్నాను.

“మేడమ్,” అన్నాడు రామనాథ్.

అతను ఇంకా తెర ముందే ఉన్నాడు. 

“అలా దానంతటది మూసిన అలర్టులు ఎన్నున్నాయో వెతికాను. రెండున్నాయి. ఒకటి నలభై ఒకటి. రెండోది నలభై ఏడు. మొన్న మధ్యాహ్నం మూసింది.”

సుధామయి ఏడుపు టక్కున ఆగిపోయింది. “నలభై ఏడా? అది తడి ఊకతో వేయించిన లాటండీ! వేడి సగం కూడా ఎక్కలేదు. గొడవకి ముందురోజు ఎర్ర పెట్టాను. గోడౌన్లో పక్కన పెట్టించాను. మర్నాటి నుంచి నన్ను లోపలికి రానివ్వలేదు కదా!”

“ఇప్పుడెక్కడుంది?” అన్నాను.

గోడౌను గది ఆఫీసుని ఆనుకునే ఉంది. నలుగురం పరుగెత్తాం. నలభై ఏడు అని సుద్దముక్కతో రాసిన చోట గచ్చు ఖాళీగా ఉంది.

రామలింగేశ్వరరావు గారు గోడ పట్టుకున్నారు. “పొద్దున్నే ప్రసాదు లారీలో తీసుకెళ్లాడు. ఎ.కొండూరుకి. అక్కడ పసిపిల్లల శిబిరం పెట్టాం. పోయిన పేరు తెచ్చుకోవాలని. బరువు చూసి, తల్లులకి ప్యాకెట్లు ఉచితంగా…” 

“పేరు తిరిగి నిలబెట్టే ప్లాను,” అన్నాడు రామనాథ్, తనలో తను అనుకుంటున్నట్టు. “నేనే రాసిచ్చాను. తల్లుల కళ్లెదుట వండి, పిల్లలకి అక్కడికక్కడే తినిపించండి, నమ్మకం వస్తుంది అని. పదకొండింటికి మొదలు.”

గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. ఎ.కొండూరు ఎంత తోలుకెళ్లినా అరగంట పైమాటే. 

“ఫోను! ఫోన్ చెయ్యండి ముందు!”

రామలింగేశ్వరరావు గారి చేతిలోంచి సెల్లు జారిపోతుంటే సుధామయి అందుకుని నంబరు నొక్కి ఆయన చెవి దగ్గర పెట్టింది. మోగింది. మోగింది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ఈసారి ఎత్తాడు. వెనక మైకు హోరు, పిల్లల ఏడుపులు, జనం గోల. అవతలి కేక మా అందరికీ వినబడింది.

“నాన్నా! జనం విరగబడి వచ్చారు! పెనుగొలను మాట ఒక్కరూ ఎత్తట్లేదు. మన పేరు నిలబడింది నాన్నా!”

“ప్రసాదూ, ఆపరా. ఆ పిండి పెట్టకు.”

“ఏంటి? వినబట్లేదు!”

“పిండి పాడైందిరా!”

“ఛ, అదేం లేదు నాన్నా. పొద్దున బయల్దేరే ముందు స్వయంగా చూసుకున్నాను. ఒక్క ఎర్ర కూడా లేదు. అంతా పచ్చే!”

రామలింగేశ్వరరావు గారు కళ్లు మూసుకున్నారు. ఆ ముఖం నేను మర్చిపోలేను. కోపం లేదు అందులో. వేలు పట్టి నడిపించిన బిడ్డ బావి వైపు నడుస్తుంటే చూసే తండ్రి ముఖం అది.

“నాన్నా, ఉంటాను, వడ్డన అవుతోంది…”

“ఉండు! నీ ఫోను మైకు దగ్గర పెట్టు. నేను మాట్లాడతాను వాళ్లతో.”

“మీరా? భలే! ఉండండి, ఉండండి.”

రామనాథ్ గబుక్కున ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పాత అలవాటు, పాపం. “సార్, మైకులో వద్దు. ఊరంతా వింటుంది. కంపెనీ ఇవాళే మూతపడుతుంది. అబ్బాయిగారికి విడిగా చెప్పి…”

“మూతపడనీ నాయనా,” అన్నారాయన. చెయ్యి విడిపించుకున్నారు. ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు. అవతల ఆయన గొంతు మైకులో ప్రతిధ్వనించడం మాకు తిరిగి వినబడుతోంది.

“అమ్మా, నేను కన్యక మిల్లు రామలింగేశ్వరరావుని మాట్లాడుతున్నాను. మా పిండి పిల్లలకి పెట్టకండి. పాడైపోయిన పిండమ్మా అది. పెనుగొలనులో పిల్లలు జబ్బుపడింది కూడా మా తప్పు వల్లే. చేతిలో గిన్నెలు కింద పెట్టెయ్యండి. మీకు దండం పెడతాను. పెట్టకండమ్మా.”

అవతల జనం గోల ఒక్కసారిగా తెగిపోయింది. మైకు గీమని కూసింది. ఒక పిల్ల ఏడుపు ఒక్కటే వినబడుతోంది. తర్వాత, మైకుకి బాగా దగ్గరగా, ఒక ఆడగొంతు.

“అయ్యో, మావోడికి గిన్నెడూ పెట్టేశానయ్యా! ఇక్కడ చాలామంది పెట్టేశారు. ఇప్పుడేం చెయ్యాలి? ఓ బాబూ, ఇప్పుడేం చెయ్యాలి?”

  నేను ఆయన చేతుల్లోంచి ఫోను లాక్కున్నాను. “అమ్మా, భయపడకండి. తిన్న పిల్లలందర్నీ వెంటనే గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతి వచ్చేదాకా ఆగొద్దు, నడవండి! రాంప్రసాద్, వింటున్నావా? ఆ లారీలోనే ఎక్కించు అందర్నీ. పిండి ప్యాకెట్లు కింద పారేసి పిల్లల్ని ఎక్కించు!”

తిరిగి చూస్తే సుధామయి లేదు.

లోపలి గదిలో గాజు సామాను చప్పుడైంది. అక్కడ ప్రతి లాటు నుంచీ గుప్పెడు పిండి పరీక్ష కోసం సీసాలో దాస్తారు. నలభై ఏడో సీసా కొంగులో చుట్టుకుని, వాకిట్లోకి పరుగెత్తుతూ కనబడింది. సరిగ్గా అప్పుడే, చెప్పిన టైముకి అరగంట ముందే, గేటు ముందు జీపు ఆగింది. సి.ఐ. సీతారామారావు గారు దిగి, ఆమె పారిపోతోందనుకుని రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడ్డారు.

“ఎక్కడికమ్మా? ఆగు!”

“ఎ.కొండూరు సార్! పిల్లలు తినేశారు. ఏ బూజో డాక్టరు గారికి తెలియాలి, లేకపోతే ఏ మందు వెయ్యాలో తెలీదు. పదండి సార్, తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. ముందు పదండి!”

ఆయన చేతుల కింద నుంచి దూరి వెళ్లి, తనని అరెస్టు చెయ్యడానికి తెచ్చిన జీపులో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. సీసాని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది.

సి.ఐ. గారు నావైపు చూశారు.

“చూస్తారేంటండీ,” అని అరిచాను, “ఎక్కండి!”